రికో జీఆర్ 3, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7: రోజువారీ ఫొటోలకు ఏ జేబు కెమెరా మేలు?

కెమెరాను అడ్డంగా పట్టుకుని, ఒక మనిషిని తల నుంచి పాదాల దాకా ఫ్రేము నిండా తీయాలంటే రికో జీఆర్ 3తో ఆయనకు సుమారు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7ను చివరిదాకా జూమ్ చేస్తే అదే మనిషి అదే పరిమాణంలో 15 మీటర్ల దూరం నుంచే వస్తాడు. ఈ రెండింటిలో ఏది కొనాలని అడిగిన ప్రతివారికీ నేను ముందుగా చెప్పేది ఈ లెక్కే. వెలుగును బొమ్మగా మార్చే సెన్సార్లు, మెగాపిక్సెళ్ల సంగతి తరువాత చూసుకోవచ్చు. మీరు మనుషులకు రెండు మీటర్ల దగ్గరకు వెళ్లి ఫొటో తీసేవారా, లేక పదిహేను మీటర్ల అవతల నిలబడి తీసేవారా అన్నది తేలితే కెమెరా సగం ఎంపికైనట్టే.

రికో నాది, సోనీ మా బావది. మేముండేది విజయవాడలో, బావ పని గుంటూరులో. రాకపోకల్లో రెండు కెమెరాలూ చేతులు మారుతుంటాయి కాబట్టి రెండింటితోనూ ఇవే వీధుల్లో, ఇదే ఎండలో తీసే అవకాశం నాకు దక్కింది.

రెండూ 2019లో వచ్చినవే. జీఆర్ అన్న పేరు 1996లో ఫిల్ము కెమెరాగా మొదలై, 2005లో డిజిటల్‌గా మారి, 2013 నుంచి పెద్ద సెన్సార్‌తో వస్తోంది. ఇన్నేళ్లూ ఆ కుటుంబానికి ఒకటే పట్టుదల: జూమ్ లేని ఒక్క మంచి లెన్స్ (జీఆర్ 3లో అది 28 మిల్లీమీటర్లది), చుట్టూ చిన్న డబ్బా. సోనీ ఆర్‌ఎక్స్100 వరుస 2012లో మొదలైంది. ఏడో మోడల్ దాకా వచ్చేసరికి జేబులో పట్టే డబ్బాలోనే 24 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా జూమ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చూపు ఇరుకై దూరపువి దగ్గరగా కనబడతాయి), పైకి లేచే వ్యూఫైండర్, చిన్న ఫ్లాష్, మైకు పెట్టుకునే రంధ్రం అన్నీ అమర్చారు. ఒకరు తీసివేయగలిగినదంతా తీసివేశారు, ఇంకొకరు కూర్చగలిగినదంతా కూర్చారు. ఇంత భిన్నమైన రెండు ఆలోచనలు ఇంచుమించు ఒకే పరిమాణంలో దొరకడం వల్లనే ఈ పోలిక చేయదగినదని నా అభిప్రాయం.

సెన్సార్ విషయంలో రికోది స్పష్టమైన పైచేయి. సోనీ సెన్సార్‌ను అంగుళం సెన్సార్ అని పిలుస్తారు గాని అది పేరుకే అంగుళం. నిజమైన కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు. రికో లోపల ఉన్నది ఏపీఎస్‌సీ సెన్సార్, అంటే 23.5 × 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యంలో మూడు రెట్లకు పైగా తేడా. వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, రెండు లెన్సుల ఎపర్చరూ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్2.8 కాబట్టి, ఒకే దీపం కింద ఒకే షట్టర్ వేగంతో తీసినప్పుడు రికో సెన్సార్ మీద మొత్తంగా మూడు రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. తెల్లవారకముందు కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బల్బుల కింద కూరగాయల బుట్టలు దించుతున్నప్పుడో, కార్తీక మాసంలో కృష్ణ ఒడ్డున అరటి డొప్పల్లో దీపాలు వదులుతున్నప్పుడో ఈ తేడా కంటికి కనబడుతుంది. దీపం వెలుగు పడిన చెంప, పడని చెంప మధ్య ఉండే నీడలో చర్మం చర్మంలాగే ఉంటుంది, రంగురంగుల చుక్కలుగా చెదిరిపోదు. సోనీలో జూమ్ చేసేకొద్దీ ఎపర్చర్ తగ్గి చివరికి ఎఫ్4.5 అవుతుంది, అంటే వైడ్‌తో పోలిస్తే వెలుగు ఇంకో రెండున్నర రెట్లు తగ్గుతుంది. జూమ్ ఉచితంగా రాదు. దాని ఖరీదును వెలుగు రూపంలో చెల్లించాలి.

జేబులో పట్టడంలోనూ రికోదే మేలు. బ్యాటరీ, కార్డుతో కలిపి రికో 257 గ్రాములు, సోనీ 302 గ్రాములు. బరువులో తేడా పెద్దది కాదు, మందంలో ఉంది. రికో 33 మిల్లీమీటర్లు, సోనీ దాదాపు 43. ఈ ఒక్క సెంటీమీటరే చొక్కా జేబుకూ ప్యాంటు జేబుకూ మధ్య తేడా అని బండి మీద తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఈ రెంటినీ నేను గట్టిగా పోల్చి చూసిన చోటు గుంటూరు మిర్చి యార్డు. సీజన్‌లో ఒక ఉదయం బావతో కలిసి వెళ్లాను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసలుగా పేర్చి ఉంటాయి, మధ్యలో మనిషి నడిచేంత సందు మాత్రమే ఉంటుంది, గాలిలో ఘాటు. ఒక పక్కన నీడలో కూర్చుని ఒకావిడ కాయల తొడిమలు తీస్తోంది. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, “అమ్మా, ఒక ఫొటో తీసుకుంటానండీ” అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, “తీసుకో బాబూ, ముందు ముక్కుకు గుడ్డ కట్టుకో” అంది. నాకూ ఆమెకూ మధ్య మీటరున్నర దూరం. రికో 28 మిల్లీమీటర్ల చూపులో ఆమె చేతులు ముందు పెద్దగా, వెనక కాయల రాశి, ఆ వెనక టిక్కీల గోడ, అన్నీ ఒకే ఫ్రేములో చోటు చేసుకున్నాయి. బొటనవేలి గోరు కింద ఇంకిన ఎరుపు కూడా ఆ ఫొటోలో కనబడుతుంది. ఆ దూరం నుంచి తీయడం వల్ల చూసేవాడికి తానూ ఆ రాశి పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

బావ అదే సమయంలో సోనీతో సందు చివర నిలబడి, టిక్కీ భుజాన వేసుకుని నడిచివస్తున్న కూలీని 200 మిల్లీమీటర్ల దగ్గర తీశాడు. అది కూడా మంచి ఫొటోయే. టిక్కీల వరసలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు దగ్గరై, వాటి మధ్య మనిషి ఒక్కడే నిలబడ్డాడు. ఆ ఫొటో నా కెమెరాకు సాధ్యం కాదు. రికోలో 35, 50 మిల్లీమీటర్ల చూపు కోసం ఫొటోను కత్తిరించే ఏర్పాటు ఉంది గాని, అది నిజంగా కత్తిరింపే. 24 మెగాపిక్సెళ్లు మొదటిదానికి 15, రెండోదానికి 7 అయిపోతాయి.

మిర్చి ఎరుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ కెమెరా కొన్నా ఈ ఇబ్బంది ఎదురవుతుంది. ఎండలో ఎండుమిర్చి రాశిని కెమెరా ఆటో సెట్టింగ్‌లో తీస్తే ఎరుపు ఒక్కటే హద్దు దాటి, కాయకూ కాయకూ మధ్య గీత చెరిగిపోయి, రాశి అంతా ఒక ఎర్రటి ముద్దలా వస్తుంది. కెమెరా కొలిచేది ప్రధానంగా మొత్తం వెలుగును గనుక, ఎరుపు ఒక్కటే పొంగిపోయిన సంగతి దాని లెక్కకు సరిగా అందదు. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుగును, మైనస్ 0.7 దాకా తగ్గించి, రా ఫైలుగా, అంటే తరువాత సరిదిద్దుకోగల ముడి రూపంలో, తీసుకుంటే కాయ మీది ముడతలు తిరిగి దక్కుతాయి. రెండు కెమెరాలలోనూ రా ఉంది. పెళ్లిళ్లలో ఎర్ర పట్టుచీరలకు కూడా ఇదే మందు.

రికోలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్నాప్ ఫోకస్. దూరాన్ని ముందే 2 మీటర్లుగా నిర్ణయించి ఎఫ్8 పెట్టుకుంటే మీటరు అవతలి నుంచి దాదాపు కనుచూపు మేర దాకా అంతా చాలినంత స్పష్టంగా వస్తుంది, కెమెరా ఫోకస్ కోసం వెతికే పనే ఉండదు. బీసెంట్ రోడ్డులో సాయంత్రం రద్దీలో నడుస్తూ, ఎదురుగా వచ్చే ముఖాల మధ్య, ఒంటి చేత్తో కెమెరా తీసి నొక్కి మళ్లీ జేబులో పెట్టుకోవచ్చు. ఆన్ చేసిన క్షణంలోపే అది సిద్ధమవుతుంది. ఫోకస్‌ను కెమెరాకు వదలకుండా దూరాన్ని తానే అంచనా వేసుకోవడం అలవాటైన మనిషికి ఇంతకంటే హాయి లేదు.

అయితే కదిలే వస్తువు వెంట ఫోకస్ పరుగెత్తవలసి వచ్చినప్పుడు మాట మారిపోతుంది. మా మేనకోడలి కూచిపూడి ప్రదర్శన తుమ్మలపల్లి కళాక్షేత్రంలో జరిగింది. మాకు దొరికిన కుర్చీలు మధ్య వరసల్లో. అక్కడి నుంచి 28 మిల్లీమీటర్లతో తీస్తే వేదిక, తెర, ముందు వరసల తలలు వస్తాయి, పిల్ల వేలెడంత కనబడుతుంది. ఆ సాయంత్రం నేను రికోను జేబులోంచి తీయనేలేదు. సోనీ కంటిని గుర్తుపట్టి దాని వెంటే ఫోకస్‌ను నడిపిస్తుంది, సెకనుకు 20 ఫొటోలు తీస్తుంది, అదీ చప్పుడు లేకుండా. తిరుగుతూ తిరుగుతూ ఒక్క క్షణం నిలిచి కనుకొసలతో చూసే చోటు నాట్యంలో ఉంటుంది కదా, ఆ క్షణం దొరికింది. ఒక జాగ్రత్త అవసరం: వేదిక మీద ఎల్‌ఈడీ దీపాలు ఉంటే చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన ఫొటోల్లో అడ్డ చారలు పడే అవకాశం ఉంది, ముందుగా రెండు ఫొటోలు తీసి చూసుకుని, చారలుంటే మెకానికల్ షట్టర్‌కు మారాలి. ప్రదర్శన అయ్యాక పిల్ల గజ్జెలు విప్పకుండానే పరుగెత్తుకొచ్చి, “మావయ్యా, నా ఫొటోలేవి?” అంటే చూపించడానికి ఫొటోలున్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న లాభం కాదు.

బెజవాడ ఎండ కూడా సోనీ పక్షమే. మే నెల మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఏ కెమెరా స్క్రీన్ మీదా బొమ్మ సరిగా ఆనదు, మన ముఖమే కనబడుతుంది. సోనీలో మీట నొక్కితే వ్యూఫైండర్ పైకి లేస్తుంది. కన్ను దానికి ఆనించి, ఎండతో నిమిత్తం లేకుండా ఫ్రేము సరిచూసుకోవచ్చు. దాని స్క్రీన్ కూడా పైకీ కిందికీ వంగుతుంది. రికోకు వ్యూఫైండర్ లేదు, స్క్రీన్ కదలదు. కావాలంటే పైన తగిలించుకునే అద్దాల వ్యూఫైండర్‌ను విడిగా కొనుక్కోవాలి. 28 మిల్లీమీటర్ల చూపులో ఏది పడుతుందో ఏది పడదో కొన్నాళ్లకు కంటికే తెలిసిపోతుంది గాని, కొత్తవారికి ఆ కొన్నాళ్లు కష్టమే.

వీడియో ముఖ్యమైతే చర్చ అనవసరం, సోనీయే తీసుకోండి: 4కే ఉంది, మైకుకు చోటుంది. రికోలో ఫుల్ హెచ్‌డీ మాత్రమే. ఫ్లాష్ సోనీలో ఉంది, రికోలో లేదు. కొండపల్లి బొమ్మల్లాంటి చిన్న వస్తువులను రికో 6 సెంటీమీటర్ల దాకా, సోనీ వైడ్‌లో 8 సెంటీమీటర్ల దాకా దగ్గరకు వెళ్లి తీయగలవు, రెండూ చాలు. బ్యాటరీ ఒక్కసారి నిండితే రికో సుమారు 200, సోనీ సుమారు 260 ఫొటోలు ఇస్తాయని ఆయా సంస్థలే చెబుతాయి. ఏది కొన్నా అదనంగా ఒక బ్యాటరీ తప్పదు. రికో టైప్‌సీ తీగతో ఛార్జ్ అవుతుంది, అంటే ఫోను ఛార్జరే సరిపోతుంది. సోనీకి పాత మైక్రో యూఎస్‌బీ తీగను వెంట పెట్టుకోవాలి.

దుమ్ము మాట మన ప్రాంతంలో విడిచిపెట్టరానిది. లెన్స్ బయటికి వచ్చి లోపలికి వెళ్లే ప్రతి జేబు కెమెరా ఆ కదలికతో గాలిని పీలుస్తుంది, గాలితో పాటు దుమ్మునూ పీలుస్తుంది. ఈ రెండింటికీ దుమ్మూ తేమా చొరకుండా రక్షణ లేదు. లెన్స్ ఊడదు కాబట్టి సెన్సార్ మీద పడినదాన్ని మనం తుడుచుకోలేము. రికోలో సెన్సార్‌ను అదిరించి దుమ్ము రాల్చే ఏర్పాటు ఉంది, అది కొంత నయం. నేను యార్డుకు వెళ్లేటప్పుడు కెమెరాను జేబులో ఉత్తినే పెట్టుకోకుండా జిప్పున్న చిన్న సంచిలో పెడతాను. ఇంటికి రాగానే లెన్స్ బయటికి తీసి, గొట్టం చుట్టూ మెత్తటి బ్రష్‌తో దులిపిన తరువాతే మూస్తాను. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టకపోతే లెన్స్‌లో ఫంగస్ పాకుతుంది. నది పక్కనున్న ఊరి తేమ అలాంటిది.

విడుదలైనప్పుడు అమెరికాలో రికో ధర సుమారు 900 డాలర్లు, సోనీది సుమారు 1,200 డాలర్లు. 2025లో జీఆర్ 4 వచ్చింది కాబట్టి జీఆర్ 3 కోసం ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో వెతకడమే మేలు. అలా కొనేటప్పుడు ఎపర్చర్‌ను చివరిదాకా, రికోలో ఎఫ్16కు, సోనీలో ఎఫ్11కు తిప్పి, తెల్లటి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. సెన్సార్ మీద మచ్చ ఉంటే అక్కడే బయటపడుతుంది. సోనీ అయితే జూమ్‌ను నాలుగైదు సార్లు చివరిదాకా తిప్పి, మధ్యలో తడబడుతోందేమో చెవి పెట్టి వినండి.

రోజువారీ ఫొటోలకు నా ఓటు రికోకే. రోజూ అంటే ఇల్లు, వీధి, అంగడి, టీ కొట్టు. అవన్నీ రెండు మూడు మీటర్లలో ఉండే ప్రపంచం. అక్కడ మంచి వెలుగు తక్కువ, మనిషి దగ్గర. కానీ ఇంట్లో పరుగెత్తే పిల్లలున్నా, బడి వేడుకలూ తెప్పోత్సవాలూ దూరం నుంచి తీయవలసి ఉన్నా, అపరిచితుల దగ్గరకు వెళ్లి కెమెరా ఎత్తడానికి మనసు ఒప్పకపోయినా, అది ఏమాత్రం తప్పు కాదు, సోనీయే మీ కెమెరా. ఇంకా అనుమానంగా ఉంటే మీ ఫోనులో చివరి వంద ఫొటోలు తీసి, ఎన్నింటిలో రెండు వేళ్లతో జూమ్ చేశారో లెక్కపెట్టండి. నా ఫోనులో అలాంటివి పది కూడా లేవు. మా అక్క ఫోనులో సగానికి పైగా అవే. అందుకే బావ కొన్న సోనీ ఇప్పుడు మా అక్క చేతిసంచిలో ఉంటోంది.