తుపాను సెలవు, కరెంటు లేని ఇల్లు, కాగితం మైక్రోస్కోపు

మా మరిది హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు పిల్లలకి ఇచ్చిన ఫోల్డ్‌స్కోప్ కవరు మూడు నెలలు బీరువా మీదే ఉంది. పల్చటి కవరు, లోపల ఏవో అట్టలు. గ్రీటింగు కార్డుల లాంటిదేమో అనుకుని పట్టించుకోలేదు. మొన్న తుపానుకి బడులకి సెలవిచ్చిన రోజున గానీ దాన్ని విప్పలేదు.

మాది చీరాల. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఫాల్సూ పీకో కూడా. ఆ రోజు పొద్దున ఆరింటికే కరెంటు పోయింది. మిషనుకి మోటారు బిగించాక తొక్కుడు పెడలు తీసేశాం, అంచేత నాకూ సెలవే. ఫోనులో 30 శాతం ఛార్జింగు. ఇంట్లో ఐదో తరగతి చదివే మా అమ్మాయి, నాలుగో తరగతి చదివే మా బావగారి అబ్బాయి, మా అత్తయ్య, నేను. పోయినేడు ఒక చదువు యాప్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టాం. పేరెందుకు లెండి. నెట్ లేకపోతే అది తెరుచుకోను కూడా తెరుచుకోదు. ఎనిమిదిన్నరకల్లా పిల్లలిద్దరూ దిండ్లతో కొట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు గుర్తొచ్చింది ఆ కవరు.

విషయం తెలియనివాళ్ళకి చెప్తాను. ఫోల్డ్‌స్కోప్ అంటే మడతపెట్టి తయారుచేసుకునే మైక్రోస్కోపు. మీరట్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పాఠం చెప్పే మనూ ప్రకాశ్, ఆయన దగ్గర పరిశోధన చేసిన జిమ్ సిబుల్‌స్కీ కలిసి రూపొందించారు. 2014లో దీని మీద పరిశోధన పత్రం అచ్చయింది. బరువు పది గ్రాములు కూడా ఉండదు. మధ్యలో ఆవగింజంత గాజు గోళం, అదే లెన్సు. ఉన్నదాన్ని 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. విడిభాగాల ఖర్చు ఒక డాలరు లోపే ఉండాలన్నది వాళ్ళ మొదటి లక్ష్యమట. మనం కొనబోతే ఆ ధరకి దొరకదు, అది వేరే సంగతి.

అట్టలోంచి ముక్కలు ఊడదీసి, గీతల మీద మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. బొమ్మలు చూసి మా అమ్మాయే చేసింది. ముప్పావు గంట పట్టింది. ఒక మడత తిరగేసి పెట్టి, మళ్ళీ విప్పింది. అది మామూలు కాగితం కాదు, చినగదు, తడికి మెత్తబడదు. నేనైతే బ్లౌజు కటింగు మడతలకి అలవాటు పడ్డదాన్ని గనక పక్కనుంచి సలహాలు ఇవ్వబోయాను. "అమ్మా, నువ్వు చూడకు" అంది. సరేనని వంటింట్లోకి వెళ్ళి ఉప్మాకి ఉల్లిపాయ తరిగాను. ఆ ఉల్లిపాయే తర్వాత పనికొచ్చింది.

మొదటి గంట మాత్రం విసుగే, నిజం చెప్పాలి. దీన్ని కంటికి బాగా దగ్గరగా ఆనించి పట్టుకోవాలి. రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ జరుపుతూ ఫోకస్ చూసుకోవాలి. మబ్బుకి ఇంట్లో వెలుతురే లేదు. టార్చి లైటు ముందు తెల్ల టిష్యూ కాగితం అడ్డంపెట్టి అటు చూస్తే బాగా వచ్చింది. ఎండ ఉన్న రోజైనా దీంతో నేరుగా సూర్యుడి వైపు చూడనివ్వకండి, కన్ను పోతుంది. చిన్నోడికి ఒక కన్ను మూయడం రాదు. రెండూ మూసుకుని "పిన్నీ, నల్లగా ఉంది" అంటాడు. వాడి ఎడమ కంటికి నా రుమాలు కట్టాక గానీ పని జరగలేదు. వాడు తొలిసారి ఏదో చూసి కేక పెట్టాడు. తీరా చూస్తే వాడి కనురెప్ప వెంట్రుకలే.

అసలు సరదా దారపు పోగులతో మొదలైంది. దేవుడి గదిలో వత్తుల పత్తి నుంచి ఒక నూగు, నా డబ్బాలో పాలిస్టరు దారం నుంచి ఒక పీచు తీసి పక్కపక్కన పెట్టాం. పత్తి నూగు పిండి ఆరేసిన రిబ్బనులా మెలికలు తిరిగి, చదునుగా ఉంది. పాలిస్టరు పీచు బాల్‌పెన్ రీఫిల్‌లా నున్నగా, తిన్నగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా బట్టతో బతుకుతున్నాను, ఈ తేడా కంటితో చూడటం నాకదే మొదలు. చేతికి తెలుస్తుంది, చెమటకి తెలుస్తుంది, కంటికి ఎప్పుడూ తెలియలేదు.

అప్పుడు మా అమ్మాయికి ఒక బుద్ధి పుట్టింది. లైనింగు గుడ్డ తెచ్చింది, ప్యూర్ కాటన్ అని చెప్పి ఒక కొట్టువాళ్ళు నాకు అంటగట్టినది. దాని పోగు విప్పి పెడితే మెలికల నూగులు కొన్ని, రీఫిళ్ళు కొన్ని. కలిపేశారు! "అమ్మా, నిన్ను మోసం చేశారు" అని అది గెంతుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, గుడ్డ తాను మొత్తం కొన్నదాన్ని కదా.

మా అత్తయ్య పుట్టిల్లు జాండ్రపేట, మగ్గాల మధ్య పెరిగిన మనిషి. అంతసేపూ మంచం మీంచి చూస్తూ ఉంది. "దానికింత తతంగమెందుకే" అని అగ్గిపుల్ల గీసి ఆ పోగు అంటించింది. కొంత కాగితంలా కాలి బూడిదైంది, కొంత కరిగి గట్టి పూసలా చివర నిలిచింది. "నూలైతే బూడిద, ఇదైతే పూస, పట్టయితే వెంట్రుక కాలిన వాసన." పది సెకన్లు. మైక్రోస్కోపుకి పట్టింది ఇరవై నిమిషాలు. మరి ఫోల్డ్‌స్కోప్ ఎందుకంటారా? పూస ఎందుకు కడుతోందని చిన్నోడు అడిగాడు. ఆ అడగడం లోపల ఏముందో చూసినందువల్లే వచ్చింది. "అది ప్లాస్టిక్ నాన్నా, సీసాలు చేసేదీ ఇదీ ఒకటే రకం" అన్నాను.

మూడు వందల యాభై ఏళ్ళ కిందట హాలెండులో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లీవెన్‌హాక్ అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. బట్ట నాణ్యం చూడటానికి లెన్సులు వాడే వృత్తి అది. ఆయన సొంతంగా చిట్టి లెన్సులు నూరుకుని, ఒకే లెన్సుతో నీటిబొట్టులో ప్రాణుల్ని చూశాడు. ఫోల్డ్‌స్కోప్‌దీ అదే పద్ధతి, ఒకే లెన్సు. ఇది చెప్తే మా అత్తయ్య "అయితే మన వ్యాపారం వాడేనన్నమాట" అంది. ఆ తర్వాత తనూ కన్ను పెట్టి చూసింది.

కిట్టులో వచ్చిన స్లైడులు, అంటే చూడాల్సినదాన్ని పెట్టి లోపల దూర్చే పట్టీలు, మధ్యాహ్నానికే చాలలేదు. పాత శుభలేఖ తీసి ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు ముక్కలు కోసుకున్నాం. మధ్యలో పంచింగు మిషనుతో కన్నం, దాని మీద సెల్లోటేపు. స్కేలుతో కొలవడం, గీయడం, కోయడం, అన్నీ పిల్లలే. ఒక కార్డుకి ఎన్ని స్లైడులు వస్తాయో లెక్క వేయమంటే ఇద్దరికీ రెండు జవాబులు వచ్చాయి. కోసి చూస్తే ఇద్దరిదీ తప్పే.

ఉల్లిపొర గోడకి పేర్చిన ఇటుకల్లా కనిపించింది. ఉప్పు రేణువులు డబ్బాల్లా ఉన్నాయి. దోమ రెక్క మీద చేపకున్నట్టు పొలుసులున్నాయి. అన్నిట్లోకీ మందార పుప్పొడి గెలిచింది. వానకి తడవకుండా వరండాలో మిగిలిన ఒకే ఒక్క పువ్వు. ఒక్కో రేణువూ ఉమ్మెత్త కాయలా గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉంది. పువ్వు మీద వాలే పురుగులు, పిట్టల ఒంటికి అంటుకోవడానికి ఆ ముళ్ళు సాయపడతాయంటారని చెప్పాను. ఫోను తెరిచి ఫొటో తీశాం. ఫోనుకి అతికించుకునే అయస్కాంతపు బిళ్ళ కిట్టులోనే ఉంది. ఛార్జింగు 19కి వచ్చింది, ఇక చాలని ఆపేశాను.

నీళ్ళ దగ్గర పిల్లలు డీలా పడ్డారు. బకెట్టులో పట్టిన ఆ రోజు వాననీళ్ళలో నలకలు తప్ప ఏమీ లేవు. వారాల తరబడి మార్చని మనీప్లాంటు సీసా అడుగునుంచి ఒక చుక్క తీస్తే పచ్చటి పాచి దారాలు, వాటి మధ్య ఏదో సర్రున దూసుకుపోయింది. దాన్ని పట్టుకోవడానికి సాయంత్రం దాకా తంటాలు. పెరుగులో సూక్ష్మజీవుల్ని చూపించమన్నారు. దీంతో కుదరదు. రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న వివరం దీనికి అందదు, పెరుగు బాక్టీరియా మందం ఒక మైక్రాన్ దరిదాపుల్లోనే. కొనేముందు ఈ సంగతి తెలుసుకుని కొనండి, లేకపోతే పిల్లల ముందు మాట పోతుంది.

లెక్కలు కూడా ఇందులోంచే తీశాను. వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు అనుకుంటే 140 రెట్లకి ఎంత? ఏడు నూట నలభైలు 980 అని చిన్నోడు చెప్పాడు, చుక్క ఎక్కడ పెట్టాలో అక్క చెప్పింది. 9.8. అంటే దాదాపు సెంటీమీటరు. అర అంగుళం చీర ముక్కలో పడుగు పోగులు, అంటే నిలువు పోగులు, లెక్కపెట్టమంటే ఒకసారి 34, ఒకసారి 36, మూడోసారి 35 వచ్చాయి. సరాసరి అనే మాట అప్పుడు చెప్పాను. ఈ పనికి మాత్రం ఫోల్డ్‌స్కోప్ వద్దు, దాంట్లో ఒకేసారి కనపడే జాగా మరీ చిన్నది. సూది మొనే మేలు.

చివర్లో అరపేజీ రాయమన్నాను. అమ్మాయి "సూష్మదర్శిని" అని రాసింది, నాలుగు చోట్లా అదే తప్పు. చిన్నోడు రాయలేదు, బొమ్మ వేశాడు: ముళ్ళ బంతి, పక్కన రుమాలు కట్టుకున్న తను.

కొనాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. చిన్న కిట్టుకీ, సామాన్లన్నీ ఉన్న పెద్ద పెట్టెకీ ధరలో చాలా తేడా ఉంటుంది. బడికైతే ఇరవై కలిపి వచ్చే ప్యాకు కూడా ఉంది. ఇంటికి చిన్నది చాలు. లెన్సు మీద వేలు పెట్టనివ్వకండి. ఉప్మా తిన్న చేత్తో మావాడు తాకితే మసక పట్టింది, మెత్తటి నూలుగుడ్డతో తుడిచాక పోయింది. తడి స్లైడు లోపలే వదిలేయొద్దు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి ఇవ్వొద్దంటాను, ఫోకస్ దగ్గరే ఓపిక అయిపోతుంది. చేతికిచ్చి మన పని మనం చూసుకుందామనుకుంటే మాత్రం దండగ. ఆ రోజు కరెంటు ఉండి ఉంటే నేనూ మిషను ముందు కూర్చునేదాన్ని, ఇది ఇంకా బీరువా మీదే ఉండేది. నా మార్కులు ఐదుకి నాలుగు.

ఇప్పుడైతే అది మా ఇంట్లో లేదు. బడి తెరిచిన రోజు అమ్మాయి తీసుకెళ్ళి చూపిస్తే, రెండు రోజుల్లో ఇస్తానని వాళ్ళ టీచరు అడిగి ఉంచుకున్నారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.