దశమ భాగమా, మనసులో నిశ్చయించుకున్నంతా?

డబ్బు మీద పట్టు సడలించుకోవాలనుకునే విశ్వాసికి ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఇది. దేవునికి ఎంత ఇవ్వాలి? బైబిల్లో మలాకీ 3:10 సంపాదనలో పదో వంతు, అంటే దశమ భాగం, తెమ్మంటుంది. 2 కొరింథీ 9:7 బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్నంత ఇమ్మంటుంది.

లెక్క: తిరుపతిలో జీతం 20,000 అయితే పదో వంతు 2,000. జీతం పడిన రోజే కవర్లో పెట్టేయాలి, నెలాఖరుకు మిగలదు. రెండో పద్ధతిలో అంకె మీ ఇష్టమే, కానీ ముందే రాసుకోవాలి. లేకపోతే కానుక సంచి దగ్గరికొచ్చాక జేబులో దొరికిన పది రూపాయల నోటే కానుకవుతుంది.

ప్రమాదం: మొదటిదానిలో బాకీ తీర్చేశానన్న ధీమా. లూకా 18లోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, పదో వంతు ఇచ్చాడు, గర్వం మాత్రం వదల్లేదు. మిగిలిన 18,000 పూర్తిగా నాదేనన్న పట్టు ఇంకా బిగుసుకుంటుంది. అసలు చిక్కు అక్కడే.

ఎవరికి ఏది: జీతగాళ్లకు, పాలు పోసి బిల్లు అందుకునే ఇళ్లకు పదో వంతు సులువు. చిత్తూరు తోతాపురి మామిడి రైతుకు కాపు ఏడాదికోసారే. మందులు, కోత కూలి, బండి బాడుగ పోగా మిగిలినదానిపై లెక్క కట్టుకోవచ్చు. వడ్డీలు కడుతున్నవాళ్లకు రెండోదే మేలు, యాభై రూపాయలైనా సరే. అప్పు తెచ్చి మాత్రం ఇవ్వకండి. 2 కొరింథీ 8:12 కలిగినదాని కొలదే అడుగుతోంది.