కరెంటు కారులో అరకు, లంబసింగి: నెక్సాన్ ఈవీ ఘాట్ రివ్యూ

విశాఖపట్నం గాజువాకలో మాది మోటార్ల రీవైండింగ్ షాపు. నేను టాటా నెక్సాన్ ఈవీ లాంగ్ రేంజ్ (2023లో రూపం మార్చి తెచ్చిన మోడల్) కొన్నానని తెలిసిన దగ్గర్నుంచి షాపుకొచ్చేవాళ్లు అడిగేది ఒకటే. "ఏటండీ, కరెంటు కారు కదా, అరకు ఘాట్ ఎక్కుతాదా?"

ఎక్కుతుంది. చాలా బాగా ఎక్కుతుంది. దాని గురించి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: పైకి వెళ్లాక రాత్రికి దాన్ని ఏ ప్లగ్గుకి పెడతాం? అందుకే ఈ రివ్యూలో కారు గురించి ఎంత రాశానో ప్లగ్గు గురించీ అంతే రాశాను.

ముందు కారు. బ్యాటరీ 40.5 యూనిట్లు, మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. మోటారు టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 215 న్యూటన్ మీటర్లు. ఈ అంకె కంటే ముఖ్యమైనది, ఆ టార్క్ కారు కదలక ముందు నుంచే చేతిలో ఉండటం. ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గర ఎక్కుడు మొదలయ్యాక, టైడా నుంచి అనంతగిరి వరకు వంపు మీద వంపు. లోడు లారీ మన ముందు సరిగ్గా మలుపులోనే ఆగిపోతుంది. మా పాత డీజిల్ కారులో అయితే అక్కడ క్లచ్, హ్యాండ్ బ్రేక్, ఫస్ట్ గేరు, వెనకవాడి హారన్. ఇందులో బ్రేక్ మీద కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టడమే. వెనక్కి జారదు, అరవదు, వణకదు. మలుపు తిరిగాక ఖాళీ కనిపిస్తే సిటీ మోడ్‌లోనే హాయిగా ఓవర్‌టేక్ చేయొచ్చు, స్పోర్ట్ అవసరం రాదు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉన్నా ఇంతే.

ఎక్కుతున్నంతసేపూ కరెంటు మాత్రం గట్టిగానే ఖర్చవుతుంది. అది ఎంతో ముందే లెక్క వేసుకోవచ్చు, కొండ ప్రయాణంలో నాకు ధైర్యం ఇచ్చింది ఆ లెక్కే. కారు బరువు సుమారు 1400 కిలోలు. మనుషులు, సామాను కలిపి ఇంకో 300 వేసుకోండి. 1700 కిలోల బరువుని కిలోమీటరు ఎత్తుకి లేపడానికి భౌతికశాస్త్రం అడిగేది 4.6 యూనిట్లు. మోటారులో, కంట్రోలర్‌లో వేడిగా పోయేది కలిపితే అయిదు దాటుతుంది. మెల్లగా వెళ్లినా, వేగంగా వెళ్లినా ఎత్తు కోసం కట్టాల్సింది ఇంతే. దూరానికి అయ్యే ఖర్చు దీనికి అదనం.

మా ఇంటి దగ్గర వంద శాతంతో బయల్దేరి సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరేసరికి నాకు 78 దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి గాలికొండ వ్యూ పాయింట్‌కి వెళ్లేసరికి 52. ఘాట్ ఒక్కటే పావు బ్యాటరీ తినేస్తుందన్నమాట. తర్వాత సుంకరమెట్ట మీదుగా అరకులోకి కాస్త దిగుడు కాబట్టి 50తో ఊళ్లోకి వస్తాం. వానాకాలంలో వైపర్లు, లైట్లు, అద్దాల మీద ఆవిరి పోవడానికి ఏసీ నడిస్తే ఒకటి రెండు శాతం తేడా, అంతకంటే ఏమీ లేదు.

ఘాట్‌లో స్క్రీన్ మీద మిగిలిన కిలోమీటర్ల అంకెను మాత్రం చూడకండి. చాలా ఈవీల్లో కారు ఆ అంకెను ఇటీవలి ఖర్చును బట్టి లెక్క వేస్తుంది. ఎక్కుడులో ఖర్చు రెట్టింపు కాగానే ఇక ముందంతా ఎక్కుడే అనుకుని అంకెను కిందికి లాగేస్తుంది. టైడాకి, అనంతగిరికి మధ్య అది పడిపోయే వేగం చూసి మా బావగారు "ఇక్కడే వెనక్కి తిప్పేద్దాం" అన్నారు. ఆయన భయపడటంలో తప్పేమీ లేదు, ఆ అంకె భయపెట్టేలాగే ఉంటుంది. శాతం చూడండి, మిగిలిన ఎత్తు ఎంతో చూడండి. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు, గాలికొండ అంతకంటే ఎత్తు. గాలికొండ దాటారంటే ఆ రోజుకి పెద్ద ఖర్చు అయిపోయినట్టే.

దిగేటప్పుడు ఇంకా బాగుంటుంది. స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో రీజెన్ (కరెంటు వెనక్కి రాబట్టే బ్రేకింగ్) సున్నా నుంచి మూడు వరకు మార్చుకోవచ్చు. దిగుడులో మోటారే జనరేటర్‌గా మారి కారుని పట్టి ఉంచుతుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. అరకు నుంచి తిరుగు ప్రయాణంలో గాలికొండ దాకా ముందు కొంత ఎక్కాలి, దానికి ఏడెనిమిది శాతం పోతుంది. ఆ తర్వాత ఎస్.కోట వరకు నలభై కిలోమీటర్ల దాకా శాతం దాదాపు కదలదు. దూరానికి అయ్యే ఖర్చూ, దిగుడులో వచ్చే రాబడీ సరిపోతాయి. ఎక్కడానికి పెట్టినదంతా వెనక్కి రాదు, సగానికి పైన వస్తుంది.

ఈ పని మన పక్కనే ఉన్న కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో కూడా జరుగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకుని దిగే గూడ్సుకి ఇప్పటి త్రీ ఫేజ్ ఇంజన్ కడితే, బ్రేక్ వేసినప్పుడు పుట్టే కరెంటు మళ్లీ పైనున్న తీగలోకే వెళ్తుంది. మోటార్లు విప్పి చుట్టే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, అదే సూత్రం నా కాలి కింద పనిచేయడం నాకు ప్రతిసారీ సంతోషంగానే ఉంటుంది.

టైడా దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు చుట్టూ దిగి వచ్చిన కార్ల నుంచి బ్రేకులు మాడిన వాసన వస్తుంది. మన చక్రాల దగ్గర అలాంటి వాసనే ఉండదు, ఎందుకంటే బ్రేకుల్ని వాడింది చాలా తక్కువ. ఘాట్‌లో భద్రతకి ఇంతకంటే ఏం కావాలి? రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ సరిగ్గా పట్టదు, నింపడానికి చోటు ఉండదు కదా. అరకు నుంచి అయితే మొదట ఎక్కుడే కాబట్టి పర్వాలేదు. లంబసింగిలో రాత్రి ఉండి నర్సీపట్నం వైపు దిగేవాళ్లకి బయల్దేరగానే దిగుడు, అందుకని అక్కడ 90 శాతం దగ్గర ఆపేయండి. రెండోది, మూడో లెవెల్ రీజెన్ వెనక సీటు వాళ్లకి పడదు. కాలు తీసినప్పుడల్లా కారు పట్టేసినట్టు ఆగుతుంది. మా అమ్మకి ఘాట్ అంటేనే వాంతులు. ఆవిడ ఉన్నప్పుడు ఒకటో లెవెల్లో పెట్టి, అవసరమైన చోట మెత్తగా బ్రేక్ వేస్తాను. అలా తీసుకెళ్తే నిమ్మకాయ వాసన చూడకుండానే అరకు చేరింది.

బ్యాటరీ అడుగున ఉండటం వల్ల వెనక నేల కాస్త ఎత్తు. పొడుగు మనుషులకి మోకాళ్లు పైకి వస్తాయి. దూర ప్రయాణమైతే పొడుగువాళ్లని ముందు కూర్చోబెట్టండి.

లెక్క చూస్తే గాజువాక నుంచి అరకు వెళ్లి మధ్యలో ఎక్కడా చార్జింగ్ పెట్టకుండా తిరిగి వచ్చేయొచ్చు. ఇంటికి చేరేసరికి 20 శాతానికి అటూ ఇటూ మిగులుతుంది. కానీ అరకు వెళ్లినవాళ్లం బొర్రా గుహలు చూడమా, చాపరాయి వెళ్లమా? నాకు ఇష్టమైన దారి ఇంకా పెద్దది: అరకులో రాత్రి ఉండి, పాడేరు మీదుగా లంబసింగి, నర్సీపట్నం వైపు దిగి, అనకాపల్లి మీదుగా ఇల్లు. అంతా కలిపి మూడు వందల కిలోమీటర్ల దగ్గర. సర్టిఫికెట్ మీద 465 కిలోమీటర్ల రేంజ్ ఉంది కదా అని ఈ దారిలో చార్జింగ్ లేకుండా వెళ్లొద్దు. కొండల్లో ఆ అంకె పనికిరాదు.

ఇక ప్లగ్గు. ఫాస్ట్ చార్జర్ పని ఏదైనా ఉంటే నేను ఘాట్ కిందే ముగించుకుంటాను. పైన మ్యాప్‌లో కనిపించిన ఒక చార్జర్ దగ్గరికి వెళ్తే స్క్రీన్ చీకటిగా ఉంది. ఇంకో చోట చార్జర్ బాగానే ఉంది గానీ ఫోన్‌కి సిగ్నల్ లేదు. యాప్ తెరుచుకోకపోతే అక్కడ నిలబడి చేసేది ఏమీ లేదు. లంబసింగి వైపు చాలా మలుపుల్లో ఇదే పరిస్థితి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఇదే కొండల నీళ్లతో కరెంటు పుట్టించి కింద ఊళ్లకి పంపుతోంది. ఆ కొండ మీద కారుకి నమ్మకమైన ఒక్క చార్జర్ కోసం వెతుక్కోవాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

కాబట్టి కారుతో వచ్చే 15 ఆంపియర్ల చార్జరే మన దిక్కు. అది గంటకి మూడు యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. రాత్రి తొమ్మిదికి పెడితే ఉదయం ఏడుకి 50 నుంచి నిండిపోతుంది. సమయం చాలదన్న బెంగ లేదు. బెంగంతా ఎర్తింగ్ గురించే.

లాడ్జిలో 15 ఆంపియర్ల సాకెట్ ఉండటం వేరు, దానికి ఎర్త్ ఉండటం వేరు. పాత భవనాల్లో మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. చార్జర్ అది పసిగట్టి ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. అది చార్జర్ లోపం కాదు, మన ప్రాణం కాపాడుతోంది. కొందరు న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపి లైటు ఆకుపచ్చ చేస్తారు. దయచేసి ఆ పని ఎవర్నీ చేయనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది, వానలో తడిచిన నేల మీద నిలబడి తలుపు పట్టుకునేది మన పిల్లలే. నేను టెస్ట్ ల్యాంప్ తీసుకెళ్తాను. ఫేజుకి, ఎర్త్‌కి మధ్య బల్బు నిండుగా వెలిగితేనే రూమ్ తీసుకుంటాను, మిణుకుమంటే ఇంకో లాడ్జి చూసుకుంటాను. అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ఇవ్వక ముందే చూడాలి. కరెంటు పోయి జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు కూడా చాలాసార్లు చార్జర్ ఒప్పుకోదు, దానికీ కారణం ఎర్తే.

రెండోది వేడి. గీజర్ అరగంట నడుస్తుంది, అందుకే గీజర్ ప్లగ్గు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కారు అదే ప్లగ్గు నుంచి గంటల తరబడి ఆపకుండా 14 ఆంపియర్లు లాగుతుంది. లోపల స్క్రూ వదులుగా ఉంటే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పెట్టిన అరగంటకి ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే వెంటనే తీసేయండి. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 2.5 ఎస్‌క్యూఎం (చదరపు మిల్లీమీటర్లు) రాగి వైరు, చుట్ట మొత్తం విప్పి పరిచి పెట్టాలి. చుట్టలో ఉంటే వేడి బయటికి పోదు. బజారులో దొరికే తెల్ల స్పైక్ బాక్సులు దీనికి పనికిరావు.

లాడ్జివాళ్ల భయం కూడా అర్థం చేసుకోవాలి. అరకులో ఒక చోట వయసు మళ్లిన వాచ్‌మన్ కారు చుట్టూ తిరిగి చూసి, "రాత్రంతా పెడితే మా బిల్లు ఎంతొస్తాది బాబూ?" అని అడిగాడు. "పాతిక యూనిట్లు బాబాయ్, మీటరు పెట్టి చూపిస్తాను" అన్నాను. ప్లగ్గుకి పెట్టుకునే చిన్న యూనిట్ మీటరు నా డిక్కీలో ఉంటుంది. పొద్దున్న అంకె చూపించి వాళ్లు చెప్పిన రేటుకి పైసా తగ్గకుండా ఇచ్చాను. తర్వాత అదే లాడ్జికి ఫోన్ చేస్తే, "కారు ప్లగ్గు దగ్గర ఖాళీ ఉంచుతాం" అన్నారు.

ఉదయం ఆరుకి అన్ని రూముల్లో గీజర్లు వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది, డిసెంబరు చలిలో ఇది ఖాయం. అందుకే రాత్రి భోజనానికి ముందే చార్జింగ్ మొదలుపెట్టి ఆరులోపు అయిపోయేలా చూసుకుంటాను. మర్నాడు పాడేరులో మోదకొండమ్మ దర్శనం, భోజనం అయ్యేలోపు హోటల్ వాళ్లు ఒప్పుకుంటే రెండు గంటలు పెట్టినా ఆరు యూనిట్లు వస్తాయి, అంటే 15 శాతం. లంబసింగి దాటి దిగడం మొదలుపెట్టాక ఇక అవసరమే ఉండదు.

కొనాలా అని అడిగితే, కొండలకి తరచూ వెళ్లేవాళ్లు 40 యూనిట్లకి తగ్గొద్దు. అంతకంటే పెద్ద బ్యాటరీకి డబ్బు పెట్టగలిగితే ఇంకా నయం. 30 యూనిట్ల కారుతో కూడా అరకు చేరొచ్చు గానీ, రాత్రి ప్లగ్గు దొరకకపోతే మర్నాడు కారు కదిపే ధైర్యం ఉండదు. ఘాట్‌లో నడపడం ఒక్కటే చూసి మార్కులు వేయమంటే అయిదుకి అయిదు. కొండ మీద చార్జింగ్ సదుపాయానికి రెండు మించి వేయలేను.

అరకు, పాడేరు, లంబసింగిల్లో లాడ్జిలు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. కారు ప్లగ్గుకి లక్షలు అక్కర్లేదు. మెయిన్ బోర్డు నుంచి నేరుగా 4 ఎస్‌క్యూఎం రాగి వైరు, విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), వాన తగలని పారిశ్రామిక సాకెట్, విడి ఎర్త్ పిట్, ఒక సబ్ మీటరు. మంచి ఎలక్ట్రీషియన్‌కి ఒకటి రెండు రోజుల పని. ఆ లైనుకి గీజర్ మాత్రం కలపకండి.