డర్ట్ ర్యాలీ: ఎడమ సీటు మనిషి రివ్యూ

పద్నాలుగేళ్లుగా కారులో నా చోటు ఎడమ సీటే. మహబూబ్‌నగర్‌లో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. పొద్దున ఆరింటికి పిల్లలమర్రి రోడ్డు మీద తెల్ల మారుతి 800 ఒకటి గుంజుకుంటూ పోతుంటే, లోపలి నుంచి "క్లచ్ తొక్కమ్మా, ఇప్పుడు మెల్లగా వదులు, మెల్లగా అన్నా కదా" అని వినిపిస్తే, ఆ గొంతు నాదే. నా కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. స్టీరింగ్ మాత్రం ఉండదు.

డర్ట్ ర్యాలీ అనే ఈ కార్ల వీడియో ఆటలో నేను డ్రైవర్ సీటుకు మారతాను. పక్కన ఇంకొకడు కూర్చుని చెబుతుంటాడు. నాకు నచ్చింది అదే.

2015లో వచ్చిన ఆటకు ఇప్పుడు రివ్యూ ఏందని అడగొచ్చు. దీన్ని చేసిన కోడ్‌మాస్టర్స్ కంపెనీని 2021లో ఈఏ అనే అమెరికా ఆటల కంపెనీ దాదాపు 120 కోట్ల డాలర్లకు కొన్నది. 2023లో వాళ్లు డబ్ల్యూఆర్‌సీ (ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్) అని కొత్త ర్యాలీ ఆట తెచ్చారు. 2025లో దాని మీద పని అయిపోయిందని, ర్యాలీ ఆటల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టామని ప్రకటించారు. అప్పటి నుంచి మావాడి దోస్తులు "అంకుల్, ఇప్పుడు ఏది కొనాలి" అని అడుగుతున్నారు. నా జవాబు ఈ పాతదే.

ముందు ఆ పక్క సీటువాడి సంగతి. ర్యాలీలో ట్రాక్ మీద గుండ్రంగా తిరగడం ఉండదు. అడవిలో, కొండల్లో మామూలు రోడ్డు మీద ఒక్కొక్క బండిని విడిగా వదులుతారు, ఎవరికి తక్కువ టైం పడితే వాళ్లది గెలుపు. ముందు ఏ మలుపు ఉందో డ్రైవర్‌కు కనపడదు. పక్కనున్న కో-డ్రైవర్ కాగితం చూసి చదువుతుంటాడు. "లెఫ్ట్ త్రీ, టైటెన్స్, డోంట్ కట్." అంటే ఎడమకు మూడో నంబరు మలుపు, పోనుపోను ఇరుకవుతుంది, లోపలి అంచు మీదుగా కోయొద్దు అని. ఈ ఆటలో అంకె ఎంత చిన్నదైతే మలుపు అంత ఇరుకు. ఆరు అంటే కాలు ఎత్తే పని లేదు, ఒకటి అంటే దాదాపు ఆగి తిరగాలి. ఈ గొంతు పాల్ కోల్‌మన్‌ది, ఆటను డిజైన్ చేసిన పెద్ద కూడా ఆయనే. మలుపు కళ్లకు కనపడకముందే దాని మాట చెవిలో పడుతుంది. మొదటి వారం నేను కళ్లతో నడిపి ప్రతిసారీ చెట్టుకు గుద్దాను. రెండో వారం చెవులతో నడపడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, నా స్టూడెంట్లు నా మాట ఎందుకు వినరో. రోడ్డు చూస్తున్నవాడికి పక్కవాడి మాట ఎక్కదు. ఎక్కాలంటే వాడి మీద నమ్మకం కుదరాలి.

ఇట్లా పక్క సీటు గొంతు పెట్టడం కోడ్‌మాస్టర్స్‌కు కొత్త కాదు. 1998లో కాలిన్ మెక్‌రే ర్యాలీ అనే ఆట తెచ్చినప్పుడు, మెక్‌రే పక్కన నిజంగా కూర్చునే నిక్కీ గ్రిస్ట్‌నే పిలిచి రికార్డు చేయించారు. మెక్‌రే 1995 ప్రపంచ ర్యాలీ చాంపియన్, స్కాట్లండ్ మనిషి. దాని రెండో భాగాన్ని నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు న్యూటౌన్‌లో ఒక ఇంటర్‌నెట్ సెంటర్‌లో ఆడాను, గంటకు ఇరవై రూపాయలు. కీబోర్డు మీద బాణం గుర్తులతో. ఆ ఇంగ్లీషు యాస ముక్క అర్థమయ్యేది కాదు, కానీ "హెయిర్‌పిన్" అంటే బ్రేకు అని మాత్రం తెలిసిపోయింది. 2007లో మెక్‌రే హెలికాప్టర్ కూలి పోయాడు, ఐదేళ్ల కొడుకు కూడా ఆయనతోనే. తర్వాత కొన్నాళ్లకు ఆట పేరులోంచి ఆయన పేరు కూడా పోయింది. ఒక్క డర్ట్ మిగిలింది.

ఆ కంపెనీ మొదలైన తీరు నాకు భలే ఇష్టం. 1986లో రిచర్డ్, డేవిడ్ డార్లింగ్ అనే అన్నదమ్ములు పెట్టారు, తండ్రి జిమ్ తోడు నిలిచాడు. ఇంగ్లండ్‌లో వార్విక్‌షైర్ జిల్లా, సదమ్ అనే చిన్న ఊరి దగ్గర. క్యాసెట్ ఆటలు రెండు పౌండ్లకు ఒక్క పెన్నీ తక్కువకు అమ్మేవాళ్లు. చాలావాటికి వెనకాల ‘సిమ్యులేటర్’ (నిజం బండి నడిపినట్టే ఉండే ఆట) అని తగిలించేవాళ్లు. బీఎమ్ఎక్స్ సిమ్యులేటర్, గ్రాండ్ ప్రీ సిమ్యులేటర్. పైనుంచి చూస్తే చీమల్లాంటి సైకిళ్లు, కార్లు! పేరుకు తగ్గ సరుకు ఇవ్వడానికి వాళ్లకు దాదాపు ముప్పై ఏళ్లు పట్టిందని నా లెక్క. నిజమైన సిమ్యులేటర్ అంటే ఈ డర్ట్ ర్యాలీయే, దీని పేరులో మాత్రం ఆ మాట పెట్టలేదు.

నడుమ మైక్రో మెషిన్స్ అని బొమ్మ కార్లను భోజనాల బల్ల మీద ఉరికించారు. టోకా, గ్రిడ్ అని కార్ రేసు ఆటలు వచ్చాయి. 2010లో మన రిలయన్స్ బిగ్ ఎంటర్‌టైన్‌మెంట్ సగం వాటా కొన్నది కూడా. ఆ మరుసటి ఏడు వాళ్ల ఎఫ్1 (ఫార్ములా వన్) ఆటలో నోయిడా దగ్గరి బుద్ధ్ రేసు సర్క్యూట్ కనపడింది. గ్రిడ్‌లో తప్పు చేస్తే టైంను వెనక్కి తిప్పుకునే వీలు పెట్టారు. నాకు అది నచ్చదు. మెట్టుగడ్డ దగ్గర ఆటోకు గీరితే వెనక్కి తిప్పుకుంటామా? 2012లో డర్ట్ షోడౌన్ అని బండ్లను ఒకదానికొకటి గుద్దించే ఆట చేసినప్పుడైతే, వీళ్ల పని అయిపోయిందనుకున్నాను.

డర్ట్ ర్యాలీలో ఆ వెనక్కి తిప్పే బటన్ లేదు. రేడియేటర్ పగిలితే పగిలిందే. టైరు పంక్చరైతే అట్లే ఈడ్చుకుంటూ పోవాలి. కొన్ని స్టేజీలు (స్టేజీ అంటే ఒక విడి రోడ్డు ముక్క) అయ్యాక రిపేరుకు ముప్పై నిమిషాలు ఇస్తారు, ఆ టైంలో ఏది బాగు చేయించాలో మనమే తేల్చుకోవాలి. మొదట 1960ల నాటి బండ్లతో మొదలుపెట్టాలి, నేను మినీ అనే బుల్లి కారు కొన్నాను. కంకర మీద మినీ ముక్కు లోపలికి తిరగాలంటే స్టీరింగ్ ఇంకా తిప్పితే లాభం లేదు, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేల్చాలి. బరువు ముందు టైర్ల మీద పడుతుంది, బండి మాట వింటుంది. ఈ సంగతి చెప్పడానికి నాకు నిజం కారులో మూడు రోజులు పడుతుంది.

వేల్స్ బురద, స్వీడన్ మంచు, గ్రీస్ రాళ్లు, ఫిన్లాండ్‌లో బండి గాల్లోకి లేచే ఎత్తులు, అన్నీ చేతికి తేడా తెలుస్తాయి. పైక్స్ పీక్ అని అమెరికా కొండ ఒకటుంది, దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు, పైకి చేరితే 4,300 మీటర్ల ఎత్తు. మన్ననూరు దాటి, దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాట్‌లో ఎన్నోసార్లు బండి నడిపినవాడిని. అయినా ఆ కొండ మీద అరచేతులు చెమట పట్టాయి. అక్కడ అంచుకు గోడ ఉండదు.

లోపాలు లేవనను. ఒక్కో దేశానికి ఉన్నవి నిజానికి రెండే పొడుగు రోడ్లు. వాటినే ముక్కలు చేసి, తిరగేసి పన్నెండు స్టేజీలని లెక్క చూపించారు. నెల ఆడితే చెట్లు కూడా గుర్తుపడతాం. నేర్పే ఏర్పాటు వీడియోలకే పరిమితం, కొత్తవాళ్లను చేయి పట్టి నడిపించదు. ఇక గొర్లమంద అడ్డమొచ్చే స్టేజీ ఒక్కటీ లేదు. పాలమూరోడికి అదే అసలు పరీక్ష.

డ్రైవింగ్ నేర్చుకోవడానికి పనికొస్తుందా అంటే, రాదు. ఒక స్టూడెంట్‌ను ఇంట్లో గంటసేపు ఆడించాను. మర్నాడు బోయపల్లి గేటు దగ్గర మలుపులో అతని చేయి హ్యాండ్ బ్రేకు మీదికి పోయింది. నా బ్రేకు నేను తొక్కాను. ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు.

కొనేవాళ్లకు రెండు మాటలు. డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి. కీబోర్డుతో మాత్రం ఆడొద్దు, కనీసం చేతిలో పట్టుకునే కంట్రోలర్ ఉండాలి. నేను హైదరాబాద్‌లో పాత స్టీరింగ్ సెట్టు తొమ్మిది వేలకు తెచ్చాను. అమ్మినతను అంతా కొత్తదాని లెక్కనే ఉందన్నాడు, ఇంటికొచ్చి చూస్తే బ్రేకు సగం దాకే దిగుతుంది. విప్పి శుభ్రం చేసుకున్నాను. మా ఇంట్లో షాబాద్ బండలు, గట్టిగా తొక్కితే పెడల్స్ గోడ దాకా జారిపోతాయి. వెనకాల బియ్యం సంచి ఆనించండి. ఇరవై ఐదు కిలోలది చాలదు. మావాడు ఆడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చున్న నేనూ కాలు బిగబట్టి బండనే తొక్కుతుంటాను గానీ, దానివల్ల పెడల్స్ ఏమీ ఆగవు.