కడప నుంచి నేలపట్టు, పులికాట్‌కు మూడు ప్రయాణాలు

కడప నుంచి రాజంపేట, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి దక్షిణానికి తిరిగితే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం, ఆపైన సూళ్లూరుపేట, పులికాట్ సరస్సు వస్తాయి. ఒకే ఏడాదిలో నవంబరు, జనవరి, మే నెలల్లో ఇదే దారి పట్టాము.

నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానకు నేలపట్టు చెరువు నిండి, కడప చెట్ల మొదళ్లు నీటిలో మునిగి ఉన్నాయి. గూడబాతులు (పెలికాన్లు) ఆ కొమ్మల మీద పుల్లలు పేర్చుకుంటున్నాయి. మన ఊరి పేరున్న చెట్లను చూడడానికి ఇంత దూరం రావాలా అని మా అమ్మ నవ్వింది. పక్షుల రెట్ట కలిసిన ఈ నీరు పొలాలకు ఎరువుతో సమానం కనుక, ఊరివాళ్లు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు.

అసలైన సందడి జనవరిలోనే కనిపించింది. గూళ్లలో పిల్లలు తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటుంటే, వీక్షణ గోపురం దిగడానికి మనసొప్పలేదు. మరునాడు ఉదయం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా సాగే రోడ్డు మీద, మోకాలి లోతు నీటిలో ముక్కు తలకిందులుగా ముంచి బురదను వడకట్టుకుంటున్న ఫ్లెమింగోల బారు కనిపించింది. ఆ వేళ ఉత్తరం వైపు చూస్తే ఎండ కళ్లలో పడదు. భీమునివారిపాళెంలో పడవ కూడా ఎక్కాము. సరస్సు వైశాల్యం తెలియడానికి అది బాగుంది కానీ, ఇంజను చప్పుడుకు పక్షులు ముందే లేచిపోయాయి. పక్షుల కోసమైతే రోడ్డే మేలు.

మేలో చెరువు అడుగంటింది, గూళ్లు ఖాళీ అయ్యాయి, సరస్సు ఉత్తర భాగం ఉప్పు తేలిన బురదనేలగా మారింది. నాలుగైదు కొంగల కోసం అంత ఎండను భరించడం దండగ.

బస విషయానికి వస్తే, మొదటిసారి తిరుపతిలో దిగాము. గది, భోజనం బాగున్నాయి కానీ, తెల్లవారకముందే బయలుదేరినా నేలపట్టు చేరేసరికి ఎండెక్కింది. జనవరిలో సూళ్లూరుపేటలో ఒక లాడ్జిలో ఉన్నాము. రాత్రంతా రైళ్ల మోత, వేడినీళ్లు రాలేదు, పైగా ఫ్లెమింగో పండుగ రద్దీ పేరుతో మామూలుకు రెట్టింపు అద్దె తీసుకున్నారు. అయినా సూర్యోదయానికి సరస్సు దగ్గర నిలబడగలిగాము. మళ్లీ వెళితే అక్కడే దిగుతాను, పండుగ రోజులు మాత్రం తప్పించి.