పచ్చమూత డబ్బా స్లిమ్మింగ్ క్యాప్సూల్స్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

కోపంలో రాస్తున్నా, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు పంపుతాం అని ఇప్పటికే ఒకసారి బెదిరించారు. చీర కట్టుకుని వంటింట్లో నిలబడి "నెయ్యి మానక్కర్లేదు, అన్నం మానక్కర్లేదు, జిమ్ముకి పోనక్కర్లేదు" అని చెప్పే ఆవిడ వీడియో మీ ఫోన్లో కూడా వచ్చే ఉంటుంది. ఆ పచ్చమూత డబ్బాయే. తెలిసినవాళ్ళకి ఈపాటికి తెలిసిపోయింది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు వచ్చింది, దాంతోపాటు థైరాయిడ్ కూడా. తమ్ముడి పెళ్ళి దగ్గరపడింది. బ్లౌజులు కుట్టే ఆవిడ టేపు పెట్టి చూసి "పాత కొలతలు పనికిరావమ్మా" అంది. ఆ రాత్రే 3,499 రూపాయలు ఫోన్‌పేలో కొట్టేశా. రెండు నెలల కోర్సుట. వాట్సాప్ గ్రూపు ఫ్రీ, "పర్సనల్ కోచ్" ఫ్రీ. సైడ్ ఎఫెక్ట్స్ జీరో అని డబ్బా మీద కూడా అచ్చేశారు, పెద్దక్షరాల్లో.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా, ఆకలి నిజంగానే చచ్చిపోయింది. బరువు కూడా కాస్త దిగింది. అందుకే ఇన్నాళ్ళు నోరు మూసుకుని మింగాను. కాకపోతే ఆకలితోపాటు నిద్ర కూడా పోయింది. నోరు ఎండిపోయి పొద్దున లేచేసరికి నాలుక అంగిట్లో అట్టలా అతుక్కుని ఉండేది. మోషన్ సంగతి అడక్కండి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే దిండులోంచి గుండె వినపడేది. మా అత్తగారి బీపీ మిషన్ చేతికి చుట్టుకుని చూస్తే, ఊరికే కూర్చున్న మనిషికి పల్స్ 118 చూపించింది. మిషన్ పాడైందేమోనని మా ఆయనకి పెట్టి చూశా. ఆయనకి 74.

కోచ్‌కి చెబితే ప్రతిదానికీ సమాధానం రెడీ. నోరెండిపోతోందా? "కొవ్వులో ఉన్న నీరు బయటికి పోతోందక్కా." నిద్ర పట్టట్లేదా? "ఎనర్జీ లెవెల్స్ పెరిగాయక్కా, గుడ్ సైన్." గుండె దడదడలాడుతోందా? "మెటబాలిజం స్పీడ్ అందుకుందక్కా, ఇప్పుడు ఆపితే డబుల్ బరువొస్తుంది." థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నానంటే "అది కెమికల్ కదక్కా, ఆపెయ్యండి, మనది హెర్బల్, మొత్తం చూసుకుంటుంది" అంది. దేవుడు చల్లగా చూశాడు, ఆ ఒక్క సలహా మాత్రం వినలేదు.

ఇదంతా ఒక ఎత్తు, అసలు సంగతి వేరే. ఇందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

మొదట్లో "ప్రోగ్రెస్ చూడాలి" అని ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు అడిగారు. పంపాను. గ్రూపులో అందరూ పంపుతున్నారుగా. మొన్న రాత్రి ఎప్పట్లాగే కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటే మా పిన్ని కూతురు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. "అక్కా, ఇది మీ ఫ్రిజ్ కాదూ?" అని.

మా ఫ్రిజ్జే. తలుపు మీద పెద్దాడి స్కూలు టైమ్‌టేబుల్, పైన మా అత్తగారి మాత్రల డబ్బా. ముందు నిలబడ్డది నేను, ఆవపువ్వు రంగు నైటీలో. ముఖం మీద ఒక పసుపు స్మైలీ అంటించారు. కింద "బిఫోర్". పక్కన "ఆఫ్టర్" అని ఇంకెవరో అమ్మాయి, నాకంటే జానెడు పొడుగు, చామనఛాయ, జీన్సు. ఆవిడకి స్మైలీ లేదు, నవ్వుతోంది. కింద "రెండు నెలల్లో 18 కిలోలు! మన గుంటూరు అక్క సక్సెస్ స్టోరీ" అని రాశారు. నేను డబ్బా మొదలుపెట్టి నెల కూడా కాలేదండీ!

అర్ధరాత్రి అని కూడా చూడకుండా కోచ్‌కి మెసేజ్ పెట్టా, ఇదేంటని. ఆన్‌లైన్‌లోనే ఉంది. అక్కా అనే పిలుపు అక్కడితో ఆగిపోయింది. "చూడండి మేడమ్, గ్రూపులో షేర్ చేసిన ఫోటోలు మార్కెటింగ్‌కి వాడుకోవచ్చని రూల్స్‌లో ఉంది." ఏ రూల్స్, ఎక్కడున్నాయి అంటే జవాబు లేదు. నా ఫోటో తీసెయ్యండి, డబ్బు వెనక్కివ్వండి, గుండెదడగా ఉంది, ఈ క్యాప్సూల్‌లో ఏముందో చెప్పండి, డాక్టర్‌కి చూపించాలి అన్నా. అప్పుడొక వాయిస్ మెసేజ్ పెట్టింది. దాన్ని ఎన్నిసార్లు విన్నానో. వెనకాల ఎవరో నవ్వుతున్నారు కూడా.

"మీ ముఖం కనపడట్లేదుగా, మీ ప్రాబ్లమ్ ఏంటి? మీలాంటి బాడీ వీధికి పదిమందికి ఉంటుంది, ఎవరు గుర్తుపడతారు? మీకు కంట్రోల్ లేదు మేడమ్, అందుకే మీకు వర్కవుట్ అవ్వట్లేదు. మాత్ర మీద నెట్టకండి."

తర్వాత గ్రూపులోంచి తీసేశారు, నంబర్ బ్లాక్. మా ఆయన లేచి "ఎవరు కొనమన్నారు?" అని ఒక్క మాట అని మళ్ళీ పడుకున్నాడు. ఆయనకి నిద్ర పడుతుంది, అదృష్టవంతుడు.

ఆ కోపంతోనే మర్నాడు డబ్బా సంచిలో వేసుకుని విజయవాడలో మాకు తెలిసిన ఫిజీషియన్ గారి దగ్గరికి వెళ్ళా. ఈసీజీ తీయించారు, గుండె వేగంగా కొట్టుకుంటోంది తప్ప ప్రస్తుతానికి వేరే తేడా లేదన్నారు. తర్వాత డబ్బా తిప్పి చదివారు. ముందువైపు "కొవ్వును కరిగించును". వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "ఔషధంగా వాడుటకు కాదు". కావలసిన వివరం దగ్గర "ప్రత్యేక మిశ్రమం, 500 మి.గ్రా." అని ఉందంతే. ఏ మొక్కో, ఏ వేరో, ఏ ఆకో ఒక్క ముక్క లేదు. "హెర్బల్ అన్నప్పుడు కనీసం మొక్క పేరు ఉండాలి కదమ్మా" అన్నారాయన.

ఆయన చెప్పిందేంటంటే, ఆకలి చచ్చిపోవడం, నోరెండిపోవడం, నిద్ర లేకపోవడం, మలబద్ధకం, పల్స్, బీపీ పెరగడం, ఇవన్నీ కలిపి చూస్తే సైబుట్రమిన్ అనే, బరువు తగ్గించే పాత మందు గుర్తొస్తుందట. నా డబ్బాలో అదే ఉందని ఆయన అనలేదు, నేనూ అనను. ల్యాబ్‌లో పరీక్ష చేస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. కానీ మూలికల పేరుతో అమ్మే బరువు మాత్రల్లో దాన్ని దొంగతనంగా కలపడం చాలా దేశాల్లో మళ్ళీ మళ్ళీ పట్టుబడుతున్న వ్యవహారమేనట.

నిద్ర ఎలాగూ లేదు కాబట్టి ఇంటికొచ్చి కూర్చుని చదివా. సైబుట్రమిన్ ఒకప్పుడు డాక్టర్లే రాసిన మందు. అమెరికాలో మెరీడియా అని అమ్మేవాళ్ళు. గుండె జబ్బు, షుగర్ లాంటివి ఉన్న దాదాపు పదివేలమంది మీద పెద్ద పరీక్ష చేస్తే, గుండెపోటు, పక్షవాతం వంటివి మందు లేని ఉత్తి మాత్ర మింగినవాళ్ళలో నూటికి 10 మందికి వస్తే, ఇది మింగినవాళ్ళలో 11.4 మందికి వచ్చాయి. 2010లో యూరప్‌లో ఆపేశారు, అదే ఏడాది అమెరికాలో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన దేశంలో 2011 ఫిబ్రవరిలో నిషేధించారు. అంతకుముందు 1997లో ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు మందుల కథ ఇలాగే ముగిసింది, అక్కడ గుండె కవాటాలు దెబ్బతిన్నాయి. 2020లో లోర్కాసెరిన్ అనే ఇంకో బరువు మందుని క్యాన్సర్ అనుమానం మీద తీసేశారు. పెద్ద పెద్ద పరీక్షలు దాటి వచ్చిన మందులకే ఈ గతి పడితే, పేరూ ఊరూ లేని పచ్చమూతలో ఏముందో ఎవడికి తెలుసు?

"అయితే బరువు మాత్రలన్నీ మోసమేనా?" అని మా చెల్లి అడిగింది. కాదు. మా వదిన ఆర్లిస్టాట్ వాడింది, డాక్టర్ రాసిచ్చిన చీటీ మీద. 120 మి.గ్రా., రోజుకి మూడు, భోజనంతోపాటు. అది రక్తంలోకి పెద్దగా పోదు, పేగులోనే ఉండి కొవ్వుని అరిగించే ఎంజైముని అడ్డుకుంటుంది. తిన్న కొవ్వులో నూటికి ముప్పై వంతుల దాకా అరక్కుండా బయటికి పోతుంది. ఎలా పోతుందన్నదే ఇబ్బంది. నూనె నూనెగా పోతుంది, చెప్పకుండా పోతుంది, గ్యాసుతోపాటు పోతుంది. మా వదిన కొత్తావకాయ కలిపిన రోజు ఆగలేక వేడన్నంలో ఆవకాయ, దాని మీద ఇంత నెయ్యి వేసుకుని లాగించింది. మర్నాడు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. మూడో కథ మధ్యలో పీటల మీంచి లేచి పరిగెత్తింది. పంతులుగారు కథ ఆపి, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆ పట్టుచీర మళ్ళీ బయటికి రాలేదు.

ఇంతా చేస్తే వచ్చే లాభం? ఏడాదిపాటు డైట్‌తో కలిపి వాడితే, డైట్ ఒక్కటే చేసినవాళ్ళకంటే సగటున మూడు కిలోలు ఎక్కువ తగ్గుతారట. మూడంటే మూడు. నన్నడిగితే ఆ మూడు కిలోలకి అంత పరుగు దండగ. మా వదిన మాత్రం పనికొచ్చిందనే అంటుంది, నూనె తింటే ఏమవుతుందో భయం పట్టుకుని వేపుళ్ళు మానేసిందట. అది ఆవిడ ఇష్టం. ఆవిడకి ముందే తెలుసు. డాక్టర్ చెప్పారు, లోపలి కాగితం మీద అచ్చేసి ఉంది, ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయి కాబట్టి పడుకునేముందు విటమిన్ మాత్ర వేసుకోమని కూడా రాశారు. థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలని నాకు మా డాక్టర్‌గారే చెప్పారు. అంటే ఇబ్బంది ఎంతో, లాభం ఎంతో ముందే చెప్పి, కావాలా వద్దా నువ్వే చూసుకో అంటున్నారు. ఈ పచ్చమూతవాళ్ళు సైడ్ ఎఫెక్ట్ అసలు లేదంటారు, వచ్చాక అదే రిజల్ట్ అంటారు, భరించలేకపోతే నీకు కంట్రోల్ లేదంటారు. నా గుండెదడని నాకే గుడ్ సైన్ అని అమ్మారు, దానికి 3,499 తీసుకున్నారు. డెలివరీ ఛార్జీ వేరే.

క్యాప్సూల్స్ ఆపేశాక పల్స్ దిగింది. నిద్ర ఇంకా పూర్తిగా రాలేదు. పెళ్ళికి బ్లౌజు కొత్త కొలతలకే కుట్టించుకున్నా.

మీరిప్పటికే కొనేసి ఉంటే డబ్బా పారెయ్యకండి, దాన్నే డాక్టర్‌కి చూపించండి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇవ్వాలన్నా అదే సాక్ష్యం. పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ చూసి నేనూ ధైర్యపడ్డా, అది ఆహారానికిచ్చే లైసెన్సు, మందుగా పనిచేస్తుందని ఎవరూ ఇచ్చిన హామీ కాదు. అసలు ఊబకాయం తగ్గిస్తామని మందులకి ప్రకటనలివ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, ప్రకటనలివ్వకూడని జబ్బుల పట్టిక ఆ చట్టంలో ఉంది, అందులో ఊబకాయం కూడా ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను కంప్లయింట్ పెట్టా, నంబర్ వచ్చింది. ఫోటో సంగతి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో విడిగా పెట్టా. వేసుకునే థైరాయిడ్, బీపీ, షుగర్ మాత్రలు ఎవరో వాట్సాప్‌లో చెప్పారని ఆపకండి. ఫోటోలు అస్సలు పంపకండి.

ఇంకోటి. నిన్నటి నుంచి వాళ్ళ పాత పేజీ కనపడట్లేదు. మా పిన్ని కూతురు కొత్తది పట్టుకుంది. డబ్బా ఇప్పుడు వంకాయ రంగు, పేరు వేరే, వీడియోలో మనిషి వేరే, వెనక మాట్లాడే గొంతు మాత్రం ఆ వాయిస్ మెసేజ్‌లోదే. ధర 2,999కి దించారు, ఉగాది ఆఫర్ అట. స్క్రీన్‌షాట్లు కావలసినవాళ్ళు అడగండి, పంపుతా. నా ఫ్రిజ్ ఉన్నది తప్ప.