'టంగ్' మనేదాకా ఆగాలి: 44-40 తూటాతో ఆరేళ్ళు

ట్రిగ్గర్ నొక్కుతాను. భుజానికి చిన్న తోపు. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఇదీ పోయిందేలే అనుకునేలోగా, 200 గజాల అవతల వేలాడుతున్న ఇనప పలక 'టంగ్' మంటుంది. గుండు అక్కడికి చేరడానికి అర సెకను పైనే పడుతుంది, ఆ చప్పుడు నా చెవిదాకా రావడానికి ఇంకో అర సెకను. పక్క బెంచీల మీది కొత్త రైఫిళ్ళకి ఇంత ఎదురుచూపు లేదు. ఆరేళ్ళయినా దీన్ని అమ్మకుండా ఉంచుకున్నది ఆ ఒక్క సెకను కోసమే.

నాది 1873 నాటి వించెస్టర్ రైఫిల్‌కి ఇటలీలో చేసిన నకలు, అందులో వేసేది అప్పటి 44-40 తూటానే. ఉండేది టెక్సాస్‌లో. అంతకుముందు నా అనుభవమల్లా కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని 25 గజాల నుంచి కాల్చిన పాయింట్ టూ టూ రైఫిల్. దీని అందం, లీవర్ తిప్పే సొగసు యూట్యూబ్‌లో కావలసినంత చూడొచ్చు. నేను దూరం సంగతే చెప్తాను.

కొన్న కొత్తలో 50 గజాల దగ్గర ఐదు గుండ్లూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. నూటయాభై ఏళ్ళ నాటి తూటా అయినా గురికి తిరుగులేదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. తర్వాత కాగితాన్ని 100 గజాలకి జరిపాను. గుండ్లు చాటంత మేర చెదిరిపోయాయి. పైగా రెండు మూడు రంధ్రాలు గుండ్రంగా లేవు, తాళం కన్నంలా సాగి ఉన్నాయి. అంటే గుండు తిన్నగా కాకుండా పక్కకి తిరిగి తగులుతోందన్నమాట. ముందు నా కళ్ళని అనుమానించి కొత్త అద్దాలు వేయించుకున్నాను. తర్వాత నా చేతుల్ని అనుమానించాను. ఆరు నెలలు ఇదే టెన్షన్.

చివరికి షూటింగ్ రేంజ్‌కి వచ్చే ఒక పెద్దాయన ఆ కాగితం చూసి, బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపల కొలిచావా అని అడిగాడు. ఇద్దరం కూర్చుని మెత్తటి సీసం ముక్కని బ్యారెల్ గుండా నెట్టి కొలిచాం. 0.429 అంగుళం. నేను కొంటున్న పెట్టెల్లో గుండు 0.427. వెంట్రుక మందం కూడా లేని తేడా! పాత కాలపు 44-40 బ్యారెళ్ళ కొలత 0.427, ఇప్పటి నకళ్ళు చాలావరకు 44 మాగ్నమ్ అనే కొత్త తూటా కొలతతో వస్తాయి. ఆ రోజుల్లో నల్ల తుపాకిమందు ఒక్కసారిగా గుద్దితే మెత్తటి సీసం ఉబ్బి బ్యారెల్‌ని నింపేది. నా పెట్టెల్లోది గట్టి సీసం, ఉబ్బదు. లావు గుండుకి, మెత్తటి సీసానికి మారాక రంధ్రాలు గుండ్రంగా పడ్డాయి. అలాగని చిక్కు పూర్తిగా తీరలేదు. లావు గుండు కూర్చోబెడితే ఇత్తడి కేసు మెడ ఉబ్బి, అప్పుడప్పుడు తూటా అది కూర్చునే చాంబర్‌లోకి పోనని మొరాయిస్తుంది. తిరుగులేదన్న మాట మానేశాను.

ఇప్పుడు బెంచీ మీద ఆనించి, గురి చూసే మామూలు ఇనప సైట్లతో, 100 గజాల దగ్గర నాలుగైదు అంగుళాల్లో పడతాయి. 200 దగ్గర 18 అంగుళాల పలకకి పదిలో ఏడు తగులుతాయి. గాలి వీస్తే ఐదే.

ఒకసారి మిత్రుడి రాంచ్‌లో 300 గజాలు ప్రయత్నించాను. గుండు చెదరడం కన్నా కిందికి పడిపోవడమే ఇక్కడ అసలు చిక్కు. 100 గజాలకి గురి సరిచేసి ఉంచితే 200 దగ్గర దాదాపు మూడడుగులు, 300 దగ్గర తొమ్మిదడుగులు కిందికి పోతుంది. ఎంత పైకి పట్టాలో తెలిస్తే తగులుతుంది, కానీ దూరం సరిగ్గా తెలిసి ఉండాలి. 200 గజాల చోట పాతిక గజాలు తప్పుగా అంచనా వేసినా తొమ్మిది పది అంగుళాలు తేడా వస్తుంది, పలక దాటిపోతుంది. రేంజ్‌లో దూరం బోర్డు మీద రాసి ఉంటుంది. రాంచ్‌లో ఎవరు రాస్తారు? మిత్రుడి 45-70 కూడా 1873 నాటి తూటానే, కానీ గుండు రెండింతలు బరువు. అదీ 300 దగ్గర ఆరడుగుల పైనే పడుతుంది. 1874లో ఇదే టెక్సాస్‌లో, ఆడోబీ వాల్స్ దగ్గర, బిల్లీ డిక్సన్ అనే వేటగాడు 1,538 గజాల దూరాన మనిషిని కొట్టాడంటారు. అది దున్నల్ని వేటాడే పెద్ద షార్ప్స్ రైఫిల్. అయినా గాలివాటంగా తగిలిందని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇదే తూటా వేసే రివాల్వర్ కూడా కొన్నాను, రెండింటికీ ఒకే పెట్టె సరిపోతుందని. 25 గజాల దాకా బాగుంది. 50 దగ్గర నా చేతిలో సగం గాలికే. దానికి తూటాని తప్పుపట్టలేను. వెనక సైటంటే పైన గీసిన గాడి, అంతే. ముందు సైటుకీ దానికీ మధ్య జానెడు. చెయ్యి తిరిగిన వాళ్ళు దానితోనే 100 కొట్టడం చూశాను.

కొనమంటారా అని అడిగితే నా సంగతి చెప్పగలను, అంతే. నేను కాగితాన్నీ ఇనుమునీ తప్ప దేన్నీ కొట్టలేదు, వేటకి పనికొస్తుందో లేదో నన్ను అడగొద్దు. నాకు నలభై ఏడేళ్ళు, ముందు సైటు మసగ్గా కనిపిస్తుంది. తూటా ఒక్కొక్కటి డాలరు పైనే, పైగా అన్ని షాపుల్లో దొరకదు. మా ఆవిడ దగ్గర ఆ లెక్క భద్రంగా ఉంది. మీ దగ్గరి రేంజ్‌లో 50 గజాలే ఉంటే 'టంగ్' కోసం ఆగే పని ఉండదు, నొక్కిన వెంటనే వినిపిస్తుంది. అలాంటప్పుడు దీని మీద నాకున్న మోజు మీకు వింతగా తోచవచ్చు.